మీటింగుకు రాని వాళ్ల పేర్లు రాసుకోండి

యూనియన్‌లో చేరిన మొదటి ఏడేళ్లలో జనరల్ బాడీ మీటింగుల్లో నేను నోరు తెరిచింది రెండే రెండు సార్లు. రెండోసారి మాట్లాడుతుంటే అధ్యక్షుడు గడియారం వైపు చూసి "తొందరగా చెప్పమ్మా" అన్నాడు. అంతే, కూర్చుండిపోయాను. ఆ రోజు నేను చెప్పబోయింది ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని. ఆ గడియ పడటానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు అదే యూనియన్‌కు కార్యదర్శిని. "మాలో తేడాల్లేవు, అందరం కార్మికులమే" అనే మాట ఇతర సంఘాల వాళ్ల నోట తరచూ వింటాను. అనేవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. అలాంటి సంఘాల్లో పనిచేసేవాళ్ల కోసం, వెనకబడిపోయినవాళ్లకు కూడా సంఘంలో చోటు, మాట దక్కేలా మేం చేసి చూసినవాటిలో పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందు లెక్క తీయండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు వరుసలు గీయండి: పనిచేసేవాళ్లు ఎవరు, సభ్యులు ఎవరు, కార్యవర్గంలో ఎవరు, యాజమాన్యంతో చర్చలకు వెళ్లేది ఎవరు. ఒక్కో వరుసలో ఆడవాళ్లు, కాంట్రాక్టు వాళ్లు, వేరే భాష మాట్లాడేవాళ్లు, వలస వచ్చినవాళ్లు, వికలాంగులు, రాత్రి షిఫ్టు వాళ్లు, కొత్తగా చేరిన కుర్రకారు ఎంతమందో వేయండి. కులం, మతం, లైంగికత లాంటివి మాత్రం ఎవరినీ నిలదీసి అడగొద్దు. నమ్మకం కుదిరితే వాళ్లే చెబుతారు, చెప్పకపోతే అది వాళ్ల హక్కు. మా కాగితం కిందికి వెళ్లేకొద్దీ ఖాళీ అవుతూ వచ్చింది. చివరి వరుసలో అందరూ పగటి షిఫ్టు పర్మినెంట్ మగవాళ్లే.

కాగితం చూపించిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఫ్లోర్ ఊడ్చి తుడిచే కాంట్రాక్టు వాళ్లలో కొందరు నాకంటే ముందు నుంచి అక్కడ పనిచేస్తున్నారు. ఒక్కరు కూడా సభ్యులు కారు. కారణం మా నియమావళిలోనే ఉంది: సభ్యత్వం "పర్మినెంట్ ఉద్యోగులకు" మాత్రమేనని మేమే రాసుకున్నాం. మీ నియమావళి ఇవాళే తెరిచి, సభ్యత్వం గురించిన పేరా చదవండి. 1972లో అహ్మదాబాద్‌లో ఇళా భట్ నాయకత్వంలో, సొంతంగా పనిచేసుకు బతికే ఆడవాళ్ల సంఘం 'సేవా' (SEWA) మొదలైనప్పుడు, యజమానే లేని ఈ ఆడవాళ్లకు యూనియన్ ఎలా అవుతుందని అధికారులు రిజిస్ట్రేషన్‌కు అభ్యంతరం చెప్పారు. కూలి పనివాళ్లు, తట్టల్లో సరుకులు అమ్ముకునేవాళ్లు కలిసి నిలబడటానికి యజమాని ఉండి తీరాలా అని వాళ్లు వాదించి గెలిచారు. అధికారులు అడ్డుపడితే పోరాడాం సరే, మనమే అడ్డు కట్టుకుంటే ఎవరితో పోరాడాలి?

తర్వాత మీటింగు వేళ, చోటు, భాష. మాకు మీటింగులు సాయంత్రం ఆరున్నరకు ఉండేవి. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లికి అది కుదరని వేళ, రాత్రి షిఫ్టుకు బయలుదేరేవాడికీ అంతే. ఇప్పుడు ఒకే ఎజెండాతో రెండుసార్లు పెడతాం, ఒకటి షిఫ్టు మారే వేళ గేటు దగ్గర. రెండు చోట్లా పడ్డ ఓట్లు కలిపి లెక్కిస్తాం. హాలు మేడ మీద ఉంటే, చక్రాల కుర్చీలో వచ్చే సభ్యుడికి మీరు ఆహ్వానం పంపనట్టే. భాష సంగతికొస్తే, 1912లో అమెరికాలోని లారెన్స్ బట్టల మిల్లుల సమ్మె నాకెప్పుడూ గుర్తుకొస్తుంది. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్లు. సమ్మె కమిటీలో ఒక్కో జాతి వారి తరఫున ప్రతినిధులను కూర్చోబెట్టారు, ప్రసంగాలను ఎవరి భాషలోకి వాళ్లకు మార్చి చెప్పారు. జీతాలు పెరిగాయి. మనం కనీసం నోటీసైనా రెండు మూడు భాషల్లో వేయలేమా? మా దగ్గర వేరే భాష వాళ్లలోంచే ఒకరిని అనువాదానికి పెట్టి, ఆ గంటకు సంఘం నిధి నుంచి భత్యం ఇస్తాం. ఊరికే చేయించుకుంటే అది కూడా వెట్టే.

మాట్లాడే వరుస మార్చండి. ప్రతి అంశం మీదా ఇంతవరకు మాట్లాడనివాళ్లలో ఇద్దరికి ముందు అవకాశం, ఆ తర్వాతే పెద్దలు. ఎవరైనా మధ్యలో అడ్డొస్తే అధ్యక్షుడు ఆపాలి. అలవాటు పడటానికి మాకు నాలుగు మీటింగులు పట్టింది, మొదటి రెండింట్లో ఎవరూ లేవలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించండి, పాత గొంతులతో నింపేయకండి.

డిమాండ్ల పత్రం అసలు పరీక్ష. 1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీట్లు కుట్టే ఆడవాళ్లు సమ్మె చేశారు, తమ పనిని నైపుణ్యం లేని పనిగా లెక్కగట్టారని. ఆ పోరాటం 1970 సమాన వేతన చట్టానికి దారితీసింది. కానీ వాళ్ల పని నైపుణ్యమున్న పనేనని ఒప్పించుకోవడానికి మళ్లీ సమ్మె కట్టాల్సి వచ్చింది, అది జరిగింది 1984లో. అందుకే జీతం శాతం ఒక్కటే అడిగి ఊరుకోకండి, ఏ పనిని ఏ గ్రేడులో పెట్టారో కూడా చూడండి. తక్కువ గ్రేడు పనుల్లో ఎవరున్నారో చూస్తే మీకే తెలుస్తుంది. చర్చలకు వెళ్లే బృందంలో ఆడవాళ్లను, కాంట్రాక్టు వాళ్లను ఇద్దరేసి తీసుకెళ్లండి. ఒక్కరే అయితే ఆ మనిషి బిక్కుబిక్కుమంటూ కూర్చోవాల్సి వస్తుంది. నేను అలా కూర్చున్నాను.

అన్నిటికంటే కష్టమైనది, మన సభ్యుడి మీద మన సభ్యురాలే ఫిర్యాదు చేసినప్పుడు. "మనవాడే కదా, సర్దుకుపో" అన్న రోజున ఆమె సంఘం వదిలేసినట్టే. ముందే రాతపూర్వకంగా పద్ధతి పెట్టుకోండి. ఇద్దరికీ వేర్వేరు ప్రతినిధులుండాలి. నిందితుడి స్నేహితులు విచారణలో కూర్చోకూడదు. ఫలానా రోజులోపు తేల్చాలి. విచారణ పేరుతో ఫిర్యాదు చేసినామెను వేరే విభాగానికి మార్చకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందం పనిచోట హింస, వేధింపుల గురించినది. ట్రైనీలు, ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవాళ్లు కూడా దాని పరిధిలోకి వస్తారు. మీ నియమాలు అంతకంటే ఇరుకుగా ఉండకుండా చూడండి.

ఇదంతా చీలికలు తెస్తుందని సీనియర్లు అంటారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి, కూర్చోబెట్టి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ కథ చెప్పండి. ఆ ఊరి బస్సుల్లో డ్రైవర్లుగా, కండక్టర్లుగా నల్లవాళ్లను, ఆసియా వాళ్లను తీసుకునేవారు కాదు. కంపెనీ ఒక్కటే కాదు, 1955లో అక్కడి యూనియన్ శాఖే వాళ్లను తీసుకోవద్దని తీర్మానం చేసింది. తమ ఓవర్‌టైమ్ పోతుందన్న భయం కూడా అందులో ఉంది. 1963లో జనం నెలల తరబడి ఆ బస్సులు ఎక్కకుండా బహిష్కరించాకే ఆ అడ్డు పోయింది. ఆ యూనియన్ వారసులు క్షమాపణ చెప్పడానికి 2013 దాకా పట్టింది. మా సీనియర్ ఒకాయన ఇది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాంట్రాక్టు వాళ్ల సభ్యత్వ సవరణను తనే ప్రతిపాదించాడు.

మా కాగితంలో ఇంకా ఖాళీలున్నాయి. రాత్రి షిఫ్టు నుంచి కార్యవర్గంలో ఇప్పటికీ ఎవరూ లేరు. వచ్చే నెల మీటింగు తెల్లవారుజామున, వాళ్లు దిగే వేళకు పెట్టాం. పోయినసారి రాని వాళ్ల పేర్లు నా డైరీలో ఉన్నాయి, ఈ వారం ఒక్కొక్కరినీ కలిసి ఎందుకు రాలేదో అడుగుతున్నాను.