కస్టమ్ డీఎన్ఎస్ పెట్టాక డేటాబేస్ కనెక్ట్ కావట్లేదా?

గచ్చిబౌలిలో మా ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్‌ని (పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పేది) మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లోని మా వర్చువల్ నెట్‌వర్క్‌కి కస్టమ్ డీఎన్ఎస్‌గా పెట్టిన రోజు మా అప్లికేషన్‌కి డేటాబేస్ దొరకడం మానేసింది. పాస్‌వర్డ్ మార్చాం, ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ తిరగేశాం. తీరా చూస్తే పొరపాటు మాదే, అదీ డీఎన్ఎస్ దగ్గరే.

మీకూ ఇలా అయితే ముందు అప్లికేషన్ నడిచే మెషీన్‌లోనే డేటాబేస్ సర్వర్ పేరుతో ఎన్ఎస్‌లుకప్ (పేరుకి ఏ ఐపీ వస్తోందో చూపే కమాండ్) కొట్టండి. ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి ప్రైవేట్ ఎండ్‌పాయింట్ (మీ నెట్‌వర్క్ లోపలి నుంచే దాన్ని చేరే దారి) ఉంటే మీ నెట్‌వర్క్ లోపలి ఐపీ రావాలి. మాకు 10తో మొదలయ్యేది రావాల్సింది, పబ్లిక్ ఐపీ వచ్చింది. అంటే మన డీఎన్ఎస్ సర్వర్‌కి ప్రైవేట్ జోన్ (ఆ లోపలి ఐపీలు రాసి ఉండే అజూర్ డీఎన్ఎస్ జాబితా) సంగతే తెలియదన్నమాట. మీ డీఎన్ఎస్ సర్వర్‌లో ఒక కండిషనల్ ఫార్వర్డర్ (ఫలానా పేర్ల ప్రశ్నల్ని ఇంకో సర్వర్‌కి పంపే రూల్) పెట్టి, డేటాబేస్.విండోస్.నెట్ పేర్లన్నీ అజూర్ సొంత డీఎన్ఎస్ అయిన 168.63.129.16ని అడిగేలా చేయండి. ‘ప్రైవేట్‌లింక్’ అనే మాటతో మొదలయ్యే పేరుకి కాదు, మామూలు పేరుకే పెట్టాలి. మేం పప్పులో కాలేసింది ఇక్కడే.

ఇంకో మెలిక ఉంది. ఆ ఐపీ అజూర్ లోపలి నుంచి అడిగితేనే పలుకుతుంది. మీ సర్వర్ ఆఫీసు ర్యాక్‌లో ఉంటే, వర్చువల్ నెట్‌వర్క్‌లో ఓ చిన్న ఫార్వర్డర్ మెషీనో, డీఎన్ఎస్ ప్రైవేట్ రిజాల్వరో (ఇదే పని చేసే అజూర్ సర్వీస్) పెట్టి, ప్రశ్నలు దానికి పంపండి. ప్రైవేట్ జోన్‌ని ఆ నెట్‌వర్క్‌కి లింక్ చేయడం మర్చిపోవద్దు.

అన్నీ సరిచేశాక కూడా పాత జవాబే వస్తుంటే కంగారు పడకండి. కొత్త డీఎన్ఎస్ సెట్టింగ్ మెషీన్లకి చేరాలంటే వాటిని రీస్టార్ట్ చేయాలి, లేదా డీహెచ్‌సీపీ లీజ్ (మెషీన్ నెట్‌వర్క్ నుంచి తీసుకునే సెట్టింగులు) రెన్యూ చేయాలి. ఇది తట్టక మేం ఇంకో గంట, రెండు ఇరానీ చాయ్‌లు ఖర్చుపెట్టాం.