గండికోట లోయ చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండండి

కడప జిల్లా గండికోటకు వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రే జమ్మలమడుగు చేరుకోండి. అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లే. తెల్లవారుజామున బయల్దేరితే సూర్యోదయానికి లోయ అంచున ఉంటారు. ఎర్రమల కొండలను పెన్నా ఎలా కోసిందో ఏటవాలు ఎండలో స్పష్టంగా తెలుస్తుంది. ఒడ్డున ఒక ఎర్రటి రాతి పొరను ఎంచుకుని, అదే ఎత్తులో అవతలి గోడ మీద వెతకండి, దొరుకుతుంది! ఒకప్పుడు రెండూ ఒకే రాయి మరి. ఫోటోల హడావిడిలో చాలామంది దీన్ని చూడకుండానే వచ్చేస్తారు, అదే నా బాధ.

అంచున చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. పట్టున్న బూట్లు వేసుకోండి, పిల్లల చెయ్యి వదలొద్దు. వేసవిలో రాళ్లు త్వరగా కాలిపోతాయి, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి.