హైదరాబాద్‌లో ఉండి డల్లాస్ స్టార్స్ సీజన్‌ను అనుసరించడం ఎలా?

డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లైన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇర్వింగ్‌లోనో ఒక బంధువైనా లేని కుటుంబాలు కూకట్‌పల్లిలో తక్కువే కనుక, ఇక్కడి నుంచి ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా వృత్తి లీగ్) ఐస్ హాకీ చూడదలచిన వారికి డల్లాస్ స్టార్స్ సహజమైన ఎంపిక. ఆ జట్టు కార్యాలయమూ ప్రాక్టీసు రింకూ ఫ్రిస్కోలోనే ఉన్నాయి. ముందుగా ఒక్క జట్టునే పట్టుకోండి. 32 జట్లనూ ఒకేసారి చూడబోయేవారు దీపావళి నాటికే విసిగిపోతారు.

తరువాత సమయం సంగతి తేల్చుకోవాలి. డల్లాస్‌లో రాత్రి 7 గంటలకు మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు మరునాడు ఉదయం 6.30కు, మార్చి రెండో ఆదివారం అక్కడి గడియారాలను గంట ముందుకు జరిపాక 5.30కు మొదలవుతుంది. షెడ్యూలులో కనిపించేది అమెరికా తేదీ. అక్కడ శనివారం రాత్రి మ్యాచ్ అంటే మనకు ఆదివారం తెల్లవారుజాము. ప్రసార హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి, భారత్‌లో ఎవరు చూపిస్తున్నారో సెప్టెంబరులోనే కనుక్కోవడం మంచిది. ఆఫీసు రోజుల్లో లీగ్ యూట్యూబ్ ఛానెల్‌లో వచ్చే ముఖ్యాంశాలు సరిపోతాయి, కాకపోతే అవి చూసేదాకా డల్లాస్ బంధువులున్న వాట్సాప్ గ్రూపును తెరవకూడదు.

అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు 2024-25 సీజన్‌లో ప్రతి జట్టూ 82 మ్యాచ్‌లు ఆడింది. అన్నీ చూడనవసరం లేదు, పాయింట్ల పట్టిక చదవడం వస్తే చాలు. గెలిస్తే 2 పాయింట్లు, నిర్ణీత 60 నిమిషాల్లో ఓడితే సున్నా, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో (పెనాల్టీ షాట్ల పోటీ) ఓడితే 1. ఆ సీజన్‌లో స్టార్స్ పేరు పక్కన ఉన్న 50-26-6 అనే అంకెల అర్థం ఇదే: 50 విజయాలకు 100, నిర్ణీత సమయంలోని 26 ఓటములకు సున్నా, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో ఎదురైన 6 ఓటములకు 6, మొత్తం 106 పాయింట్లు. కొత్తవారు పట్టించుకోని ఆ మూడో అంకెపైనే మార్చి నెలలో చాలా జట్ల భవితవ్యం ఆధారపడుతుంది. లీగ్‌లో రెండు కాన్ఫరెన్సులు, ఒక్కోదానిలో రెండు డివిజన్లు ఉంటాయి. ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి రెండు డివిజన్లలోని మొదటి మూడేసి జట్లు, మిగిలినవాటిలో ఎక్కువ పాయింట్లున్న మరో రెండు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళతాయి.

మ్యాచ్ చూసేటప్పుడు పక్ (బంతికి బదులు వాడే చిన్న నల్లటి బిళ్ల) కోసం కళ్లు చికిలించవద్దు. ఆటగాళ్లు ఎటు కదులుతున్నారో చూస్తే పక్ దానంతటదే కనబడుతుంది. ముప్పావు నిమిషానికోసారి ఆటగాళ్లు బెంచికి వచ్చి, ఆట ఆగకుండానే వేరేవారు మంచు మీదికి దూకుతారు. అలసిపోయిన ఐదుగురు బయటికి రాలేక చిక్కుకున్న క్షణాల్లో గోల్స్ పడుతుంటాయి. తప్పు చేసిన ఆటగాడు సాధారణంగా రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటాడు, ఎదుటి జట్టుకు అంతసేపూ ఒక మనిషి ఎక్కువ. దీన్నే పవర్ ప్లే అంటారు, క్రికెట్‌లోని దానితో ఏ సంబంధమూ లేదు.

మార్చి మొదట్లో వచ్చే ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) గడువును మాత్రం వదలకండి, సీజన్ రూపురేఖలు అక్కడే మారతాయి. కొలరాడో అవలాంచ్ 2025 జనవరిలో కరోలినాకు ఇచ్చేసిన మిక్కో రాంటనెన్‌ను మార్చి 7న స్టార్స్ తెచ్చుకుంది. లీగ్ దశలో చివరి ఏడు మ్యాచ్‌లూ ఓడి ప్లేఆఫ్స్‌కు వచ్చిన స్టార్స్‌కు తొలి రౌండులో ఎదురైంది ఆ కొలరాడోయే. మే 3న సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్, మనకు ఆదివారం తెల్లవారుజాము. మూడు 20 నిమిషాల పీరియడ్లలో చివరిదానిలో 0-2తో వెనుకబడి ఉండగా రాంటనెన్ రెండు గోల్స్ కొట్టి సమం చేశాడు, వైయట్ జాన్‌స్టన్ పవర్ ప్లేలో ఆధిక్యం ఇచ్చాడు. కొలరాడో తన గోలీని (గోల్‌కీపర్‌ను) బయటికి పిలిచి ఆరో ఆటగాడిని దించగా, ఖాళీ గోల్‌లోకి పక్‌ను పంపి రాంటనెన్ హ్యాట్రిక్ పూర్తి చేశాడు. జట్టును ఐదు నెలలుగా అనుసరించినవారికి ఆ మూడో గోల్‌లో కనిపించేది, ఆ ఒక్క మ్యాచ్ చూసినవారికి కనిపించదు.

ప్లేఆఫ్స్‌లో 16 జట్లు నాలుగు రౌండ్లు ఆడతాయి, ప్రతి రౌండులో ముందు నాలుగు గెలిచినవారిది సిరీస్. మొదటి రెండు మ్యాచ్‌లూ మెరుగైన స్థానంలో ఉన్న జట్టు సొంత రింకులో, తరువాతి రెండూ ఎదుటివారి రింకులో, అవసరమైతే మిగిలినవి ఒకటి విడిచి ఒకటి. లీగ్ దశలో సమమైతే ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాలు, తరువాత షూటౌట్ ఉంటాయి. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు, గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు వరుసగా సాగుతాయి. స్టార్స్ 1999లో లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచిన మ్యాచ్ మూడో అదనపు పీరియడ్ దాకా వెళ్లింది. అందువల్ల ఆ రోజుల్లో ఉదయం 9 గంటల మీటింగులు పెట్టుకోకండి. ఐపీఎల్ కూడా అప్పుడే నడుస్తుంటుంది, రాత్రి 11.30 దాకా ఉప్పల్ మ్యాచ్ చూసి 5 గంటలకు లేవడం కుదరని పని, రెండింటిలో ఒకటి వదులుకోవాలి.

జట్టు ఓడిపోయాక మరో రెండు వారాలు వార్తలు చదవండి. 2025 కాన్ఫరెన్స్ ఫైనల్‌లో ఎడ్మంటన్‌తో ఐదో మ్యాచ్‌లో, మొదటి రెండు షాట్లూ గోల్స్ కావడంతో కోచ్ పీట్ డిబోర్ గోలీ జేక్ ఓటింజర్‌ను బయటికి పిలిచాడు. స్టార్స్ ఆ మ్యాచ్‌నూ సిరీస్‌నూ కోల్పోయింది, జూన్ 6న డిబోర్ ఉద్యోగం పోయింది. జూన్ చివర్లో డ్రాఫ్ట్ (కొత్త కుర్ర ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం), జూలై 1న ఒప్పందాలు ముగిసిన ఆటగాళ్ల కొత్త సంతకాలు మొదలవుతాయి. అక్టోబరులో ఏ జట్టును చూడబోతున్నారో ఆ జాబితాల్లోనే తెలిసిపోతుంది.