ఎండలు ముదరకముందే పాత జీపు ఇంజన్ హెడ్ పని: పాటించవలసిన జాగ్రత్తలు

శివరాత్రితో చలి వెళ్లిపోయాక నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఎండ వారం వారానికీ పెరిగి, మే నెలలో 45 డిగ్రీల వరకు చేరుతుంది. చలికాలమంతా ఏదో ఒక విధంగా నెట్టుకొచ్చిన పాత మహీంద్రా జీపుల లోపాలు సరిగ్గా అప్పుడే బయటపడతాయి. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్ ఉన్న బండి అయినా, 2523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ ఉన్న బండి అయినా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉండటం, ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లని పొగ వచ్చి ఎంతసేపటికీ ఆగకపోవడం, ఇంజన్ ఆయిల్ మజ్జిగ రంగుకు తిరగడం కనిపిస్తే, హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) పనిని మార్చి నెల దాటనివ్వకూడదు.

అయితే హెడ్ విప్పడం కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్ కాలినా, హెడ్ పగిలినా అది ఫలితం మాత్రమే. కారణం సాధారణంగా వేరే చోట ఉంటుంది. మన ప్రాంతంలో ఆ కారణం చాలాసార్లు బోరు నీళ్లే. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది కానీ, ఇంజన్‌కు కీడు చేసేది ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి ఇవి హెడ్ లోపలి నీటి దారుల్లో తెల్లని పొరగా గట్టిపడతాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టూ, రెండు వాల్వ్‌ల నడుమ, డీజిల్ చిమ్మే నాజిల్ పక్కన వేడి అత్యధికంగా ఉంటుంది కనుక, ఆ పొర అక్కడ పేరుకుంటే వేడి నీళ్లకు చేరక లోహంలోనే నిలిచి, చివరకు అక్కడే చీలిక పడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైనా, అలా శుద్ధి చేసిన నీళ్లలో కాఠిన్యం పోదు కాబట్టి వాటిని కూడా రేడియేటర్‌లో పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్ కలిపి పోయడమే సరైన పని. హెడ్ పనికి వేలకు వేలు ఖర్చు పెట్టి, చివరికి బోరు నీళ్లతో రేడియేటర్ నింపడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారే వరకు, వీలైతే రాత్రంతా వదిలేసి, మర్నాడు బ్యాటరీ వైర్లు తీసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న మరుగునీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. హెడ్ బోల్టులను కూడా వేడి మీద వదులు చేయకూడదు; ముఖ్యంగా అల్యూమినియం పోత ఇనుము కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక అల్యూమినియం హెడ్ వంకర పోయే ప్రమాదం ఎక్కువ. బోల్టులను చివరల నుంచి మధ్యకు, ఒక్కసారిగా కాకుండా రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. బయటకు తీసిన కూలెంట్‌ను బకెట్‌లో పట్టి మూత పెట్టాలి. అది తియ్యగా ఉండి కుక్కలు, పశువులు తాగుతాయి, తాగితే ప్రాణం పోతుంది. వెట్ లైనర్లు (చుట్టూ నీళ్లు తిరిగే, విడిగా తీయగలిగే సిలిండర్ గొట్టాలు) ఉన్న ఇంజన్ అయితే, హెడ్ తీశాక లైనర్లను క్లాంపులతో బిగించకుండా క్రాంక్ తిప్పకూడదు, ఎందుకంటే అవి పైకి లేచి కింది సీళ్లు దెబ్బతింటాయి. పుష్ రాడ్లు, వాల్వ్‌లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే చేరేలా అట్టకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చి పెట్టాలి.

పాత గాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాన్ని మెషీన్ బ్రష్షుతో గానీ ఎమరీ కాగితంతో గానీ పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అందుచేత నీళ్లతో తడిపి, మాస్క్ పెట్టుకుని, మొద్దు స్క్రేపర్‌తో నిదానంగా తీయాలి. భాగాలను పెట్రోల్‌తో కడిగే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

హెడ్‌ను లేత్ వర్క్‌షాపుకు పంపేటప్పుడు దానికి అయస్కాంతం తగిలించి చూసి, అంటుకోకపోతే అల్యూమినియమని అక్కడివారికి తప్పక చెప్పాలి. ఇనుప భాగాలను కడిగే కాస్టిక్ సోడా తొట్టిలో అల్యూమినియం వేస్తే లోహం కరిగిపోవడమే కాక, నిప్పంటుకునే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ముందుగా చీలికలున్నాయో లేదో ప్రెషర్ టెస్ట్ చేయించి, ఆ తర్వాతే వాల్వ్ ఆనుకునే సీట్లు, అది కదిలే గైడ్ల మీద డబ్బు పెట్టాలి. ఈ క్రమం తప్పితే పనికిరాని హెడ్ మీద ఖర్చంతా వృథా అవుతుంది. సమతలం చూడటానికి స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మిల్లీమీటరులో పదో వంతు ఖాళీ ఉన్నా మాన్యువల్‌లోని పరిమితితో సరిచూడాలి. ఫేసింగ్ (హెడ్ కింది తలాన్ని చదును చేయడం) అవసరమైతే వీలైనంత తక్కువ మందం తీయించాలి, ఎందుకంటే డీజిల్ ఇంజన్‌లో పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఖాళీ చాలా స్వల్పం. గైడ్ అరిగి ఉండగా వాల్వ్‌ను ఎంత గ్రైండ్ చేసినా అది సీటు మీద నిలవదు కనుక, గైడ్ మార్చిన తర్వాతే సీటు పని చేయించాలి. గ్రైండింగ్ పేస్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా కడగాలి.

తిరిగి బిగించేటప్పుడు చాలామంది పట్టించుకోని ప్రమాదం బ్లాకులోని బోల్టు రంధ్రాల్లో ఉంటుంది. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే, బోల్టు దిగుతున్న కొద్దీ ఆ ద్రవానికి వెళ్లే దారి లేక బ్లాకే పగలవచ్చు. కనుక ప్రతి రంధ్రాన్ని గాలితో ఊది, గుడ్డతో తుడిచి, బోల్టు చేత్తోనే అడుగుదాకా దిగుతోందో లేదో చూడాలి. గాలి ఊదేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. బిగింపు మధ్య నుంచి చివరలకు, విడతలవారీగా, టార్క్ రెంచ్‌తోనే జరగాలి. కొలమానాల విషయంలో పొరపాటు పడకూడదు: 10 కేజీ మీటర్లంటే సుమారు 98 న్యూటన్ మీటర్లు, అంటే దాదాపు 72 ఫుట్ పౌండ్లు. ఎంత బిగించాలన్నది ఆ ఇంజన్ మాన్యువల్‌ను చూసి తెలుసుకోవాలి తప్ప, పక్క బండి లెక్కను వాడకూడదు.

నాజిళ్లను టెస్టర్ మీద పరీక్షించేటప్పుడు స్ప్రేకు చెయ్యి అడ్డం పెట్టకూడదు. వంద బార్లకు పైబడిన ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన గాయమది.

హెడ్ బయట ఉన్న ఆ రోజుల్లోనే రేడియేటర్ విప్పించి ట్యూబులన్నీ సాఫీ చేయించాలి, వాటర్ పంపు, హోస్‌లు, ఫ్యాన్ బెల్ట్, రేడియేటర్ మూత చూడాలి. మన ఎండలకు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీటి దారి తెరిచే వాల్వ్) అక్కర్లేదని తీసి పారేసే పద్ధతి పల్లెల్లో, పట్నాల్లో బలంగా నాటుకుపోయింది; దానితో నేను ఏకీభవించలేను. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లో తిరుగుతుంది, తేలికపాటి ప్రయాణంలో ఇంజన్ తగినంత వేడెక్కక అరుగుదల పెరుగుతుంది. మంచి థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి, తెరుచుకుంటోందని చూసి అమర్చాలి.

మొదటి ప్రయాణాలు జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య ఉన్నటువంటి సమతల రోడ్ల మీద, బరువు లేకుండా సాగాలి. పాత తరహా గాస్కెట్‌కు మాన్యువల్ కోరితే, ఇంజన్ చల్లారాక బోల్టులను మళ్లీ టార్క్ చేసి, ఆ వెంటనే టాపెట్లు (వాల్వ్‌ల ఖాళీ) సరిచేయాలి. మన్ననూరు దాటి అడవిలోకి, దోమలపెంట తర్వాత పాతాళగంగ వైపు దిగి మళ్లీ శ్రీశైలం ఎక్కే ఘాట్‌లోకి బండిని ఆ తర్వాతే తీసుకెళ్లాలి. దారిలో ఇంజన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీతకు చేరితే బండిని నీడలో ఆపాలి. సగం చల్లారిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే కొత్తగా చేయించిన హెడ్ అక్కడే పగులుతుంది. కొన్ని వారాల పాటు రోజూ ఉదయం, స్టార్ట్ చేయకముందే కూలెంట్ మట్టం చూడాలి. బయట ఎక్కడా కారకుండా అది తగ్గుతోందంటే, మళ్లీ నింపి ఘాట్ ఎక్కకుండా, రేడియేటర్‌లోకి ఇంజన్ గ్యాసు వస్తోందేమో పరీక్ష చేయించాలి.