పెళ్లికార్డు ఫాంటును విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య మార్చుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్ల పెళ్లికార్డులో ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉండటం మామూలే. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి మ్యాక్ మీద కార్డు తయారుచేస్తాడు, ఊళ్లో మేనమామ లినక్స్‌లో తప్పులు దిద్దుతాడు, ప్రెస్సులో విండోస్ ఉంటుంది. తీరా అక్కడ తెరిచేసరికి అక్షరాల రూపం మారిపోతుంది. ఫైలు వెళ్లింది కానీ ఫాంటు వెళ్లలేదు మరి.

ముందు సరైన ఫాంటు ఎంచుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. టీటీఎఫ్ (.ttf), ఓటీఎఫ్ (.otf) రకం ఫాంటు ఫైళ్లు మూడు సిస్టమ్‌లలోనూ ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. పాత మ్యాక్‌లలోని డీఫాంట్ (.dfont) రకాన్ని మాత్రం విండోస్ తీసుకోదు. విండోస్‌తో పాటు వచ్చే గౌతమి, నిర్మలా లాంటివాటిని వేరే సిస్టమ్‌లోకి ఎక్కించడానికి లైసెన్సు ఒప్పుకోదు. అందుకే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామరాజ, గిడుగు లాంటివి తీసుకోండి. వీటిని ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఆయన పేరున్న ఫాంటుతో కార్డు వేయిస్తే నాకైతే ముచ్చటగా ఉంటుంది. ఒడియా కోసం నోటో సాన్స్ ఒరియా కూడా దించుకోండి.

దించుకున్న జిప్‌ను విప్పి, లోపలి ఫాంటు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. బోల్డ్ వేరే ఫైలుగా ఉంటే అదీ వేయండి.

విండోస్‌లో ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' నొక్కండి. ఉత్త 'ఇన్‌స్టాల్' నొక్కితే కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లకు ఆ ఫాంటు కనిపించదు. మ్యాక్‌లో డబుల్‌క్లిక్ చేస్తే ఫాంట్ బుక్ తెరుచుకుంటుంది, అక్కడ ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే 'లోకల్' ఫోల్డర్, అందులో 'షేర్', దాంట్లో 'ఫాంట్స్' ఉంటాయి. ఫాంట్స్ ఫోల్డర్ లేకపోతే మీరే సృష్టించి అందులో పడేయండి. ఎక్కడైనా సరే, తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మూసి మళ్లీ తెరవాలి.

ఇప్పుడు 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' టైపు చేసి చూడండి. ఒత్తులు కిందికి రాకుండా పొల్లులుగా విడిపోతే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో కొన్నింటికి తెలుగు ఒత్తులు కూర్చడం రాదు.

ప్రెస్సువాళ్లు పాత అను ఫాంట్లు వాడుతుంటే సంగతి వేరు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కావు. అందులో కొట్టిన మ్యాటర్ ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు గుర్తుల గజిబిజిలా కనిపిస్తుంది. కన్వర్టర్‌తో మార్చాల్సిందే. మార్చాక పేర్లు, ముహూర్తం, ఒత్తులు మళ్లీ చదవండి.

ప్రెస్సులో దిద్దేది ఏమీ లేకపోతే నేరుగా పీడీఎఫ్ ఇచ్చేయండి. ఇచ్చేముందు అక్రోబాట్ రీడర్‌లో ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్స్ ట్యాబ్‌లో ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్' (అంటే ఫాంటు పీడీఎఫ్‌లోనే కలిసి ఉందని) అని ఉందో లేదో చూసుకోండి.