ఎత్తే బరువు పెంచే వారాల్లోకి దిగేముందు: సెట్లు, రెప్స్ జాగ్రత్తలు

రెప్ అంటే బరువును ఒకసారి ఎత్తి దించడం, ఆగకుండా వరసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. నెలల తరబడి సెట్‌కు పదీ పన్నెండు రెప్స్ చేసి, ఒక సోమవారం నుంచి "ఇక బలం కోసం ఎక్కువ బరువుతో ఐదేసి రెప్స్" అని మారడం మామూలే. ఆ మార్పు జరిగే మొదటి నాలుగైదు వారాల్లోనే ఒళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. కండ కొత్త బరువుకు తొందరగానే అలవాటు పడుతుంది. దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు మాత్రం నింపాదిగా గట్టిపడతాయి, నెలలు తీసుకుంటాయి. మోచేతి లోపలివైపో, భుజం ముందువైపో, మోకాలిచిప్ప కిందో సన్నగా మొదలయ్యే నొప్పికి చాలాసార్లు ఈ తేడానే కారణం.

ముందు అసలు మారాలో లేదో తేల్చుకోండి. బలం కావాలంటే పెద్ద లిఫ్టుల్లో (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, నేల మీది బార్ ఎత్తే డెడ్‌లిఫ్ట్, పడుకుని బార్ పైకి నెట్టే బెంచ్ ప్రెస్) ఒకటి నుంచి ఐదు రెప్స్, గరిష్ఠ బరువులో, అంటే ఒక్క రెప్ మాత్రమే ఎత్తగలిగే బరువులో, సుమారు 80 శాతం పైన, సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విరామం. కండ పెరగడమే కావాలంటే ఇంత బరువు అక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండు రెప్స్ సౌకర్యంగా ఉంటాయి. ఐదు నుంచి ముప్పై దాకా ఎన్ని చేసినా కండ పెరుగుతుంది, కాకపోతే సెట్ చివర్లో ఇంకో రెండు మూడు రెప్సే మిగిలేంత కష్టం ఉండాలి. కాబట్టి కండ కోసమే జిమ్‌కు వచ్చేవాళ్లు మూడు రెప్స్ సెట్ల జోలికి పోకపోయినా నష్టం లేదు.

అందరి నోటా వినిపించే "పదేసి రెప్స్ మూడు సెట్లు" గురించి ఒక మాట. 1940ల్లో అమెరికా సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ డెలోర్మ్ గాయపడిన సైనికులకు బరువులతో వ్యాయామం చేయించేవాడు. తర్వాత 1948లో మరో వైద్యుడు వాట్కిన్స్‌తో కలిసి ఆయన కుదించిన పద్ధతి ఇదీ: పది రెప్స్‌కు సరిపడే బరువులో మొదటి సెట్‌కు సగం, రెండో సెట్‌కు ముప్పావు, మూడో సెట్‌కు పూర్తి బరువు. అంటే అసలు కష్టమంతా ఒక్క సెట్లోనే. ఇప్పుడు మూడు సెట్లూ పూర్తి బరువుతో చేస్తూ, ఇది ఎప్పుడో రుజువైన పద్ధతే అనుకుంటున్నాం.

గరిష్ఠ బరువు తెలుసుకోవడానికి నిజంగానే ఎత్తి చూడాల్సిన పనిలేదు. ఈమధ్య శుభ్రంగా చేసిన సెట్ ఒకటి తీసుకుని లెక్క కట్టండి. బరువును 30తో భాగించి, వచ్చినదాన్ని రెప్స్‌తో గుణించి, మళ్లీ బరువుకు కలపాలి. బెంచ్ ప్రెస్ 80 కిలోలతో ఐదు రెప్స్ వచ్చాయనుకోండి, గరిష్ఠం సుమారు 93 కిలోలు. పది రెప్స్ దాటిన సెట్‌తో కడితే ఈ లెక్క బాగా తప్పుతుంది.

ఆ 93 చూసి 80తోనే మొదలుపెట్టడం దగ్గరే పప్పులో కాలేస్తారు. అందులో 75 శాతం, అంటే 70 కిలోలతో ఐదు రెప్స్, మూడు సెట్లతో మొదలుపెట్టండి. తేలిగ్గానే ఉంటుంది, ఉండాలి కూడా. వారానికి 2.5 కిలోలు కలుపుకుంటూ వెళ్తే ఐదో వారానికి 80, ఆరో వారానికి 82.5 అవుతుంది. స్క్వాట్‌కు, డెడ్‌లిఫ్ట్‌కు మొదట్లో వారానికి ఐదు కిలోలు కలిపినా సాగుతుంది, తర్వాత సగానికి తగ్గించాలి. జిమ్‌లో 1.25 కిలోల ప్లేట్లు లేకపోతే బెంచ్‌లో ఒకేసారి ఐదు కిలోలు ఎగరకండి. అదే బరువుతో ముందు ఆరు రెప్స్, తర్వాత ఏడు తెచ్చుకుని అప్పుడు పైకి వెళ్లండి. డంబెల్స్‌లో ఇది మరీ ముఖ్యం. 10 నుంచి 12.5కు మారడం చూడ్డానికి చిన్నదే, లెక్కకు మాత్రం పాతిక శాతం పెంపు.

వార్మప్‌లో తప్పులు రెండు రకాలు. కొందరు అసలు చేయరు. కొందరు ప్రతి మెట్టు మీదా పదేసి రెప్స్ చేసి, అసలు సెట్ వచ్చేసరికి డస్సిపోతారు. 100 కిలోల స్క్వాట్ ఐదు రెప్స్ చేయాల్సిన రోజున 20 కిలోల ఖాళీ బార్‌తో పది, 50తో ఐదు, 70తో మూడు, 85తో రెండు, 95తో ఒకటి చాలు. బరువు పెరిగేకొద్దీ రెప్స్ తగ్గాలి, విరామం పెరగాలి. 85 కిలోల రెండు రెప్స్ బరువుగా, నెమ్మదిగా అనిపిస్తే ఆరోజు 100 వద్దు, 90తో సరిపెట్టుకోండి. నిద్ర సరిగా లేని రోజును ముందుగా పట్టించేది ఆ సెట్టే.

సెట్ల లెక్క వారానికి కట్టాలి. ఒక్కో కండరానికి వారానికి పది నుంచి ఇరవై సెట్లు అనే మాట అనుభవం ఉన్నవాళ్లకు సరిపోతుంది. కొత్తవాళ్లకు పదిలోపే చాలు. ఇప్పుడు ఎనిమిది చేస్తుంటే పదికి వెళ్లండి, పదహారుకు కాదు. పైగా బరువు పెంచే వారాల్లో సెట్లు కలపకండి, రెండూ ఒకేసారి పెరిగితే దేనివల్ల నొప్పి వచ్చిందో కూడా తెలియదు.

ఈ లెక్కలో ఎప్పుడూ తప్పిపోయేది నడుము. స్క్వాట్ కాళ్ల ఖాతాలో రాస్తాం, వంగి బార్‌ను పొట్టవైపు లాగే బార్‌బెల్ రో వీపు ఖాతాలో, డెడ్‌లిఫ్ట్ మరో ఖాతాలో. మూడింటిలోనూ వంగి బరువు మోసేది నడుమే, దాని పేరుతో పుస్తకంలో ఒక్క సెట్ కూడా ఉండదు. ఆ మూడూ ఒకేరోజు పెట్టుకోకండి. తప్పదంటే బార్‌బెల్ రో తీసేసి, ఛాతీకి బెంచ్ ఆసరా ఉండే డంబెల్ రో చేయండి. డెడ్‌లిఫ్ట్‌ను ఐదు రెప్స్ దాటించకపోవడమే మంచిది. ఎనిమిదో రెప్‌కు కాళ్లకంటే ముందు పట్టు సడలుతుంది, వీపు గుండ్రమవుతుంది.

సెట్ ఎక్కడ ఆపాలి? బైసెప్ కర్ల్, లెగ్ ఎక్స్‌టెన్షన్ లాంటివి ఇంకో రెప్ రానంతవరకు చేసినా పెద్ద ప్రమాదం ఉండదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్‌లలో కనీసం రెండు రెప్స్ మిగిలి ఉండగానే ఆపండి. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి చూడండి. స్క్వాట్‌లో పైకి లేచేటప్పుడు ఛాతీ కదలకముందే తుంటి పైకి వెళ్తోందా? బెంచ్‌లో ఒక చేయి వెనకబడి బార్ ఒరుగుతోందా? అది ఎన్నో రెప్‌లో మొదలైందో ఆ సెట్ అక్కడితో అయిపోయినట్టే. కాగితం మీద ఐదు అని ఉన్నా సరే.

ఒంటరిగా బెంచ్ చేసేవాళ్లు ర్యాక్‌లో సేఫ్టీ పిన్నులు, అంటే బార్ మీద పడకుండా ఆపే అడ్డకడ్డీలు, పెట్టుకోవాలి. ఛాతీ ఎత్తి పట్టినప్పుడు బార్ వాటికి తగలకూడదు, ఛాతీ దించి పడుకుంటే బార్ వాటిమీద ఆగాలి. ఖాళీ బార్‌తో ముందే సరిచూసుకోండి. పిన్నులు లేని బెంచ్ మీద ఒంటరిగా ఉంటే ప్లేట్లకు క్లిప్పులు పెట్టకండి, ఇరుక్కుంటే ఒకవైపు ఒంచి ప్లేట్లు జార్చేయొచ్చు. అప్పుడు రెండోవైపు విసురుగా లేస్తుంది, పక్కన మనుషులు ఉండకూడదు. బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టడం తప్పనిసరి. అవసరమైతే బార్ పట్టుకోవడానికి పక్కన నిలబడే స్పాటర్ ఉంటే ఎన్ని రెప్స్ చేస్తారో, ఎప్పుడు పట్టుకోవాలో సెట్‌కు ముందే చెప్పండి.

బరువైన సెట్లలో ఊపిరి బిగబట్టడం వల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ, హెర్నియా, గుండె జబ్బు, కంటి జబ్బు గ్లకోమా ఉన్నవాళ్లూ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లూ డాక్టర్‌ను అడగకుండా ఐదు రెప్స్ లోపు సెట్లకు దిగకూడదు.

నెలల విరామం తర్వాత వచ్చేవాళ్లు పాత బరువులో సగంతో, రెండేసి సెట్లతో మొదలుపెట్టాలి. రెండోరోజు, మూడోరోజు ఉండే ఒళ్లునొప్పులు మామూలే. కండ బాగా వాచి, చేయి చాపలేకపోయి, మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్రం అది కండరాలు చితికి వాటిలోని పదార్థం రక్తంలో కలుస్తున్న గుర్తు. కిడ్నీలు దెబ్బతినొచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆరో వారం ముగిశాక ఏడో వారంలో సెట్లు సగానికి తగ్గించి, బరువు పదో వంతు దించండి. మధ్యలో ఎప్పుడైనా రెప్ లేవక ఆగిపోతే ఆరోజు ఆ బరువును మళ్లీ ముట్టుకోకండి. పది శాతం తగ్గించి మిగిలిన సెట్లు పూర్తిచేయండి. వచ్చే వారం ఆగిపోయిన ఆ బరువునే మళ్లీ ప్రయత్నించండి. రెండోసారీ ఆగిపోతే రెండు వారాల కిందటి బరువుకు వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి ఎక్కండి.