స్థానిక చరిత్ర పరిశోధన – 4వ పాఠం: సైనిక కుటుంబాల ఊరు

గత పాఠంలో గుడి శాసనం, కైఫియత్తు (గ్రామ వృత్తాంతాల పాత రాత), రెవెన్యూ దస్త్రం వంటి ఆధారాలున్న పాత ఊరి చరిత్రను ఎలా కూర్చాలో నేర్చుకున్నాం. శాసనం లేని, ఎవరి పేరా పట్టా లేని, వందేళ్ల వయసైనా లేని ఊరికి చరిత్ర రాయవలసి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఈ పాఠం. ఉదాహరణకు తైవాన్‌లోని సైనిక కుటుంబాల ఊళ్లను తీసుకుంటున్నాను. అక్కడ వీటిని జుయెన్‌త్సున్ అంటారు. ‘జుయెన్’ అంటే ఆలుబిడ్డలు, ‘త్సున్’ అంటే పల్లె.

చైనా అంతర్యుద్ధంలో ఓడిన జాతీయవాద ప్రభుత్వం 1949లో తైవాన్‌కు తరలిపోయినప్పుడు, దానితోపాటు సుమారు 10 లక్షల మంది సముద్రం దాటి వచ్చారని అంచనా. త్వరలోనే తిరిగి వెళ్తామన్న నమ్మకంతో వారికోసం తాత్కాలికంగా కట్టిన ఇళ్ల వరుసలు క్రమంగా 800కు పైగా ఊళ్లయ్యాయి. సైనికుల ఊరు అనగానే మనకు పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం గుర్తుకు వస్తుంది. అయితే మాధవరం సైన్యానికి మనుషులను పంపిన ఊరు, జుయెన్‌త్సున్ సైన్యం తన మనుషులకోసం ఏర్పరచిన ఊరు. మాధవరంలో ఇరుగుపొరుగు తాతలనాటి నుంచీ ఎరిగినవారే. జుయెన్‌త్సున్‌లో ఒకరి యాస ఒకరికి అర్థంకాని చైనాలోని సిచువాన్, షాన్‌డాంగ్, హునాన్ రాష్ట్రాల కుటుంబాలు ఒకే గోడకు ఇటూ అటూ కాపురం పెట్టాయి. ఇల్లూ పొరుగూ కూడా వారు కోరుకున్నవి కావు. ఈ సంగతిని మనసులో ఉంచుకుంటేనే అక్కడ దొరికే ఆధారాలను సరిగా చదవగలం.

మొదట ఊరి పేరును చదవండి. తైపేలోని ‘44 దక్షిణ గ్రామం’ పేరులోని అంకె, చైనాలోని చింగ్‌డావ్ నగరం నుంచి తరలివచ్చిన 44వ ఆయుధ కర్మాగారానిది. ఆ కార్మికుల కుటుంబాలకోసం 1948లో ఆ ఊరు వెలసింది. కావ్‌షుంగ్ నగరంలో నౌకాదళ స్థావరమైన జుయోయింగ్‌లో ‘గ్వోమావ్’ అనే ఊరుంది. ఆ మాటకు పండ్ల వ్యాపారం అని అర్థం. సైనికుల ఊరికి ఆ పేరేమిటని ఆశ్చర్యపోయిన విద్యార్థికే దారి దొరుకుతుంది: 1950లో అధ్యక్షుడు చియాంగ్ కై-షెక్ భార్య సూంగ్ మెయ్‌లింగ్ స్థాపించిన మహిళా సంఘం 1956 నుంచి వర్తకుల వద్ద, విదేశాల్లోని చైనీయుల వద్ద విరాళాలు పోగుచేసి ఇళ్లు కట్టించి సైన్యానికి అప్పగించేది, గ్వోమావ్‌కు డబ్బు ఇచ్చినవారు పండ్ల ఎగుమతి వ్యాపారులు.

పేరు దారి తప్పించగలదు కూడా. తైవాన్‌లోనే తావ్‌యువాన్‌లో ఉన్న మత్సు నూతన గ్రామం 1957 నాటిది. పేరును బట్టి అక్కడివారు చైనా తీరానికి దగ్గరగా, తైవాన్ పాలనలో ఉన్న మత్సు దీవులవారని రాసుకుంటే పరిశోధన మొత్తం పక్కకు పోతుంది. ఆ దీవుల్లో కాపలా కాసిన సైనిక దళం కుటుంబాలు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ దశలో నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి, కట్టించినవారు, అక్కడ ఉన్నవారు, వారి స్వస్థలం అని వేర్వేరుగా రాసుకోవాలి.

తరువాత ఇంటిని కొలవండి. తొలినాటి ఇళ్లలో చాలావాటికి వెదురు బద్దల తడిక అల్లి, దానికి మట్టి మెత్తి, పైన సున్నం పూసిన గోడలుండేవి. మన పూరిళ్ల తడిక గోడలను చూసినవారికి ఆ పని కొత్తగా అనిపించదు. సున్నం పెచ్చు ఊడినచోట బద్దలు కనిపిస్తే దగ్గరికి వెళ్లి, ఆ గోడ ఎక్కడ ఆగి ఇటుక గోడ ఎక్కడ మొదలైందో చూడండి. ప్రభుత్వం ఇచ్చిన ఇల్లు ఆ అతుకు దగ్గర ముగుస్తుంది. అక్కడినుంచి కుటుంబం తన అవసరానికి కట్టుకున్న గది మొదలవుతుంది. పిల్లలు పుట్టడం, తిరిగి వెళ్లే ఆశ సన్నగిల్లడం ఆ ఇటుకల్లో కనిపిస్తాయి.

కాగితాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది కుటుంబ రేషను కార్డు. బియ్యం, పిండి, నూనె, ఉప్పు ఎంతెంత ఇవ్వాలో వయసును బట్టి ‘పెద్ద నోరు, నడిమి నోరు, చిన్న నోరు’ అని లెక్కగట్టేవారు. ఆ లెక్క చేతిలో ఉంటే ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో సరిచూసుకోవచ్చు. కానీ పుట్టిన సంవత్సరం విషయంలో తొందరపడకండి. యుద్ధపు అల్లకల్లోలంలో వేరొకరి పేరుతో, పెంచిన లేదా తగ్గించిన వయసుతో సైన్యంలో చేరినవారున్నారు. కాగితం ఒకటి చెప్పి, ఇంటివారు మరొకటి చెబితే రెండూ రాసి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టండి. ఈ కాగితాలకు భర్త ఉద్యోగమే ఆధారం కాబట్టి భార్య కథ వాటిలో ఉండదు. ఆ భార్యల్లో తైవాన్‌లోనే పుట్టి పెరిగిన హక్కా (సొంత భాష ఉన్న ఒక చైనీయ సముదాయం) స్త్రీలు, ఆదివాసీ స్త్రీలు కూడా ఉన్నారు. వారిని అడగకుండా రాసిన చరిత్రను నేను పూర్తి చరిత్రగా ఒప్పుకోలేను.

అడగడం ఎలాగన్నదే అసలు కష్టం. తైవాన్‌లో సైనిక పాలన (మార్షల్ లా) 1949 నుంచి 1987 జులై వరకు, 38 ఏళ్లు సాగింది; చైనాలోని బంధువులను చూసిరావడానికి అనుమతి ఆ ఏడాది నవంబరులో గాని రాలేదు. అంతకాలం పెదవి విప్పడానికే భయపడినవారిని మీ గతం చెప్పండని అడిగితే మాట రాదు. ముందే గీసుకున్న ఇంటి పటాన్ని వారి ముందు పరిచి, ‘నైనాయ్, ఈ వంటగది ఎప్పుడు వేసుకున్నారు? అప్పుడు పక్కింట్లో ఎవరుండేవారు?’ అని అడగండి. నైనాయ్ అంటే నాయనమ్మ. వంటగది నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి పక్కింటివారి దగ్గర నేర్చుకున్న కూరకు, అక్కడినుంచి పుట్టింటి ఊరికి మాట దానంతట అదే నడుస్తుంది. మౌనంగా ఉన్నప్పుడు వెంటనే మరో ప్రశ్న వేయకండి.

1996లో వచ్చిన పునర్నిర్మాణ చట్టం తరువాత ఈ ఊళ్లలో అత్యధిక భాగం నేలమట్టమై బహుళ అంతస్తుల భవనాలయ్యాయి. సంస్కృతి పరిరక్షణకు వీలు కల్పిస్తూ ఆ చట్టాన్ని 2007లో సవరించారు. దాని కింద 13 చోట్లను ఎంపిక చేశారు. 44 దక్షిణ గ్రామంలో తైపే 101 ఆకాశహర్మ్యం నీడన నాలుగు ఇళ్ల వరుసలే మిగిలాయి. కూల్చేసిన ఊళ్లకు కొలవడానికి గోడ లేదు కాబట్టి, వృద్ధుల జ్ఞాపకం మీదే పటం గీయాలి.

ఈ వారం అభ్యాసం: మీకు దగ్గరలోని రైల్వే కాలనీనో, పోలీసు క్వార్టర్లనో, ప్రాజెక్టు కోసం కట్టిన శిబిరాన్నో ఎంచుకోండి. ఒక ఇంటిని, ఇంటివారి అనుమతితో, కొలిచి పటం గీయండి; సంస్థ కట్టినది నల్ల సిరాతో, కుటుంబం చేర్చుకున్నది ఎర్ర సిరాతో ఉండాలి. వచ్చే పాఠంలో ఆ పటాన్ని ముందు పెట్టుకునే సంభాషణను రికార్డు చేయడం, దాన్ని మాట పోకుండా రాతలోకి దించడం మొదలుపెడదాం.